చల్లగా ఉన్న హబ్బు చెప్పిన సంగతి: సూర్యలంక నుంచి వచ్చిన పడవ ట్రైలర్ కేసు

మే మూడో వారం, ఆదివారం సాయంత్రం. సూర్యలంకలో పడవ దింపి విజయవాడకు తిరిగొస్తున్న ట్రైలర్ ఎడమ చక్రం, కాజ టోల్ ప్లాజా దాటిన కాసేపటికి పొగలు కక్కింది. డ్రైవరు బండి ఆపేసరికి చక్రం లోపలి వైపు రిమ్ముంతా నల్లటి జిడ్డు చిమ్మి ఉంది. పక్కనున్నవాళ్ళు మంచి మనసుతోనే రెండు బిందెల నీళ్ళు తెచ్చి హబ్బు (బేరింగులు కూర్చునే చక్రం మధ్య భాగం) మీద పోశారు. అక్కడి నుంచి రికవరీ వ్యాన్ మీద ఆటోనగర్‌లోని మా వర్క్‌షాపుకు చేరింది.

ట్రైలర్ వివరాలు: ఒకే యాక్సిల్, రెండు చక్రాలు, 185 ఆర్ 14 టైర్లు, బ్రేకులు లేవు. పైన 17 అడుగుల ఫైబర్ పడవ, 60 హార్స్ పవర్ ఇంజను. పడవ, ఇంజను, పెట్రోలు, ట్రైలర్ అన్నీ కలిపి తూకం 1,050 కిలోలు. హుక్కు మీద పడే బరువు పోగా ఒక్కో చక్రానికి 480 కిలోల చొప్పున వస్తుంది. యాక్సిల్ పడవతో పాటు దిగుమతైన అంగుళాల కొలత రకం. ఇరుసు వైపు ఉండే లోపలి బేరింగు ఎల్ 68149 కోను, ఎల్ 68111 కప్పు. కోను అంటే స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు కొస) మీద కూర్చునే, రోలర్లు ఉన్న లోపలి భాగం; కప్పు అంటే హబ్బులో బిగుసుకునే బయటి వలయం. మూత వైపు ఉండే బయటి బేరింగు ఎల్ 44649 కోను, ఎల్ 44610 కప్పు. ఈ జత వాడే యాక్సిళ్ళు సాధారణంగా 1,580 కిలోల దాకా మోస్తాయి. కాబట్టి బరువెక్కువై పోయిందన్న మాట మొదటి పది నిమిషాల్లోనే పక్కకు పెట్టేయాల్సి వచ్చింది.

వేగం సంగతీ అంతే. ఈ టైరు ఒక చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు వెళుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర నిమిషానికి 650 చుట్లు. టేపర్ రోలర్ బేరింగుకు అది నడక కింద లెక్క.

ఎడమ హబ్బు విప్పితే

మూత స్థానంలో మామూలు రేకు మూత ఉంది. దాని వెనక, నట్టు తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్ను బదులు వంచిన మేకు. నట్టు విప్పితే బయటి కోను చేతికి రాలేదు, స్పిండిల్‌కు అతుక్కుపోయింది. పుల్లర్ పెట్టి లాగాక కేజ్ (రోలర్లను ఎడంగా పట్టి ఉంచే చట్రం) మూడు ముక్కలుగా వచ్చింది. రోలర్లు నీలం రంగు తిరిగి ఉన్నాయి. ఉక్కు 220 డిగ్రీల దగ్గర గడ్డి రంగుకు, 300కు దగ్గరయ్యేసరికి నీలానికి తిరుగుతుంది. మామూలు బేరింగు ఉక్కు 120 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటేనే మెత్తబడి కొలత మారడం మొదలవుతుంది. కాబట్టి నీలం కనిపిస్తే కడిగి, గ్రీజు పెట్టి, "ఈ ట్రిప్పుకు లాగించేద్దాం" అనే ప్రసక్తే లేదు.

కోను స్పిండిల్ మీద తిరిగి దాన్ని గీరేసింది. ఈ కోను లోపలి వ్యాసం 26.99 మిల్లీమీటర్లు. స్పిండిల్ అంతకన్నా రవ్వంత తక్కువ ఉండాలి. కుడివైపు 26.96 ఉంది, ఎడమవైపు 26.81 వచ్చింది. బయటి కప్పు హబ్బులోంచి దెబ్బ కొట్టకుండానే, చేత్తో ఊడి వచ్చింది. కప్పు బయటి వ్యాసం 50.29. హబ్బు రంధ్రం అంతకన్నా 0.03 నుంచి 0.05 మిల్లీమీటరు బిగువుగా ఉండాలి. ఇక్కడ 50.34. అంటే కప్పు కూడా హబ్బులో తిరిగింది.

లోపలి బేరింగులో గ్రీజు రెండు రంగుల్లో ఉంది: అడుగున పాత నీలం గ్రీజు, పైన గోధుమ రంగు గ్రీజు, రెండూ కలిసిన చోట మజ్జిగలా పలచబడిన ద్రవం. ఫిబ్రవరిలో వేరే చోట ఈ ఒక్క హబ్బుకే పని చేయించారని తర్వాత తెలిసింది. బయటి కోను మాత్రం మార్చి, కప్పు పాతదే ఉంచారు. పోయిన స్ప్రింగు మూత (గ్రీజును లోపలికి నొక్కి ఉంచేది) బదులు రేకు మూత కొట్టారు. పాత గ్రీజు తుడవకుండా కొత్తది పైన కూరారు.

ఇక్కడితో ఆగితే రిపోర్టు రాయడం చాలా తేలిక: ఫిబ్రవరిలో పని సరిగ్గా చేయలేదు, అందుకే బేరింగు పోయింది. సగం నిజమే. కానీ కాలిపోయిన బేరింగు మంచి సాక్షి కాదు. వేడి వచ్చాక తుప్పు, గుంటలు, గీతలు అన్నీ ఒకే నల్లటి పొరలో కలిసిపోతాయి. ఏది ముందో ఏది వెనకో చెప్పలేం.

"కుడిది బానే ఉందిగా, దాన్నెందుకండీ విప్పడం?"

యజమాని అడిగిన ప్రశ్న ఇది. కుడి హబ్బు మీద చెయ్యి ఆన్చి ఉంచగలిగేంత వేడే ఉందని డ్రైవరు కూడా చెప్పాడు. జాకీ ఎత్తి తిప్పితే చప్పుడు లేదు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (బేరింగులో వదులు) తగిలీ తగలనంత. పైకి అది ఏ లోపం లేని హబ్బే. ఈ కేసు తేలింది మాత్రం దాన్ని విప్పాకే.

మూత తీయగానే గ్రీజు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. చిటికెడు తీసి వేడి రేకు మీద వేస్తే ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. గ్రీజులో నీళ్ళు ఉన్నాయో లేదో చెప్పే పరీక్ష ఇంతకన్నా చౌకగా ఇంకోటి లేదు. మంచి గ్రీజు కరుగుతుంది, పొగ వస్తుంది, కానీ చప్పుడు చేయదు.

కోను కడిగి చూస్తే రోలర్ల మీద సన్నని అడ్డ గీతలు. కప్పు కడిగితే అసలు విషయం బయటపడింది. కప్పు చుట్టుకొలతలో మూడో వంతు మేర, సమాన దూరాల్లో, రోలరు పొడవునా నిలువు తుప్పు గీతలు. డివైడర్‌తో గీతకీ గీతకీ మధ్య దూరం కొలిచి, అదే డివైడర్‌ను కోను మీద పెడితే రోలరుకీ రోలరుకీ మధ్య దూరంతో సరిగ్గా సరిపోయింది. తిరుగుతున్న బేరింగులో ఇలాంటి గీతలు పడవు. చక్రం రోజుల తరబడి కదలకుండా ఉన్నప్పుడు, నీరు బరువుకు కిందికి దిగి, రోలరు కప్పును ఆనుకున్న సన్నని సందుల్లో నిలిచి, అక్కడే తింటుంది. మిగతా రెండొంతుల కప్పు అద్దంలా ఉంది. అంటే తుప్పు పట్టింది రోడ్డు మీద కాదు, షెడ్డులో.

తేదీలు దానికి సరిపోయాయి. ఏప్రిల్ మొదటి వారంలో విజయవాడలో కృష్ణ ఒడ్డునున్న పున్నమి ఘాట్ దగ్గర మూడు రోజులు వరసగా పడవ దింపి ఎక్కించారు. తర్వాత ఐదు వారాలు ట్రైలర్ కదల్లేదు. ఆ తర్వాత నేరుగా సూర్యలంక, 95 కిలోమీటర్ల దారి. వేడి హబ్బులతో వెళ్ళిన వెంటనే ఉప్పునీటిలోకి, రాత్రంతా తడిగా ఇసుకలో, మర్నాడు తిరుగు ప్రయాణం.

నీరు లోపలికి ఎలా వెళ్ళింది

సీలు (హబ్బు వెనక వైపు గ్రీజును ఆపే రబ్బరు వలయం) పోయింది కాబట్టి నీళ్ళు వెళ్ళాయి అనుకోవడం మామూలు. కానీ సీలు బాగున్నా హబ్బు నీళ్ళు తాగుతుంది. గంటసేపు హైవేలో తిరిగిన హబ్బు మే నెలలో 70 డిగ్రీల దాకా ఉండటం వింతేం కాదు. దాన్ని 30 డిగ్రీల నీటిలో ముంచితే లోపలి గాలి కుంచించుకుంటుంది. ఆ మార్పుకు లోపలి పీడనం 12 శాతం దాకా పడిపోతుంది. అది 1.2 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి సమానం. హబ్బు మునిగిన లోతు అరమీటరే అయినా, సీలు మీద మొత్తం ఒత్తిడి దాదాపు 1.7 మీటర్ల లోతులో ఉన్నంత పడుతుంది. పైగా ఇక్కడ మామూలు ఆయిల్ సీలు లిప్పు (స్పిండిల్‌ను ఆనే రబ్బరు అంచు) గ్రీజును లోపల ఆపడానికి లోపలి వైపు తిరిగి ఉంటుంది. బయటి నుంచి వచ్చే ఒత్తిడికి అది లేచి దారి ఇస్తుంది.

హబ్బు సగం ఖాళీ అయితే లోపల 40 మిల్లీలీటర్ల దాకా గాలి ఉంటుంది. దానిలో 12 శాతం అంటే ఒక టీ చెంచా నీళ్ళు. ఒక్కసారి ముంచితే ఒక చెంచా. మూడు రోజులు, రోజుకు రెండుసార్లు ముంచితే ఎంతో లెక్కేసుకోవచ్చు. కాజ దగ్గర బిందెలతో పోసిన నీళ్ళూ ఇదే పని చేశాయి. కాలుతున్న హబ్బును చల్లార్చాలంటే నీడన ఆపి వదిలేయడమే.

స్ప్రింగు పిస్టను ఉన్న గ్రీజు మూతలు వచ్చింది ఈ చిక్కు కోసమే. హబ్బంతా గ్రీజుతో నింపేస్తే కుంచించుకోవడానికి గాలే ఉండదు. చల్లారినప్పుడు పిస్టను గ్రీజును లోపలికి నొక్కుతూ కొద్దిపాటి ఒత్తిడి నిలుపుతుంది. కుడివైపు ఆ మూత ఉంది గానీ, పిస్టను చుట్టూ కృష్ణ ఒండ్రు ఎండి సిమెంటులా పట్టేసింది. వేలితో నొక్కితే కదల్లేదు. ప్రకాశం బ్యారేజీ మట్టం 12 అడుగుల దగ్గర నిండుగా ఉన్నప్పుడు ఘాటు వాలు మీదే పడవ తేలుతుంది. మట్టం తగ్గితే ట్రైలర్‌ను వాలు దాటి ఒండ్రులోకి తోయాల్సి వస్తుంది, హబ్బులు బురదలో కూరుకుంటాయి. అలా చేసిన ప్రతిసారీ మూత తుడిచి పిస్టను నొక్కి చూడాలి. ఎవరూ చూడరు.

కుడి సీలు లిప్పు గట్టిపడి, లోపలి స్ప్రింగు తుప్పు పట్టి తెగింది. సీలు ఆనే చోట స్పిండిల్ వ్యాసం 43.66 ఉండాలి. లిప్పు తిరిగిన గాడి 0.15 మిల్లీమీటర్ల లోతు, దాని పక్కన తుప్పు గుంటలు. అలాంటి చోట ఎంత ఖరీదైన కొత్త సీలు వేసినా మొదటి రోజు నుంచే కారుతుంది.

రెండు హబ్బుల్లోకీ నీళ్ళు వెళ్ళాయి, రెండిటికీ తుప్పు పట్టింది. మరి ఎడమదే ముందు ఎందుకు కాలింది? అక్కడ ఇంకో మూడు తప్పులు తోడయ్యాయి. పాత కప్పులో కొత్త కోను: పాత రోలర్లు అరగదీసిన బాటలో కొత్త రోలర్లు పూర్తి పొడవునా ఆనవు, అంచుల మీద బరువు పడుతుంది. రేకు మూత వల్ల హబ్బు సగం ఖాళీ. మూడోది నట్టు. మేకు కొట్టిన తీరు, రోలర్ల పెద్ద వైపు చివరలు గీరుకుపోయిన తీరు చూస్తే నట్టును బిగించి అలాగే వదిలేశారు. బిగువెక్కువైన టేపర్ బేరింగులో రోలరు పెద్ద చివర కోను అంచును రాసుకుంటుంది. అక్కడ గ్రీజు పొర తెగితే వేడి నిమిషాల్లో పెరుగుతుంది.

ఏవి మార్చాలి, ఏవి ఉంచాలి

ముందుగా వచ్చిన సలహా: అంగుళాల బేరింగు కోసం తిరగడం ఎందుకు, హబ్బును లేత్ మీద 62 మిల్లీమీటర్లకు బోరు కొట్టించి 32007 నంబరు మెట్రిక్ బేరింగు వేసేయండి, ఏ షాపులోనైనా దొరుకుతుంది. వినడానికి బాగుంటుంది. కొలిస్తే బాగుండదు. 32007 లోపలి వ్యాసం 35, బయటి వ్యాసం 62, వెడల్పు 18 మిల్లీమీటర్లు.  అసలు కప్పు 59.13, సీలు కూర్చునే గాడి 65.15. వాటి మధ్య ఇప్పుడు మూడు మిల్లీమీటర్ల మెట్టు ఉంది, 62కు కొడితే ఒకటిన్నరే మిగులుతుంది. వెడల్పు 15.88 బదులు 18, అంటే హబ్బు రెండు మిల్లీమీటర్లు జరుగుతుంది, సీలు తన బాట తప్పుతుంది. ఒక్క బేరింగు సులువుగా దొరకడం కోసం మూడు చోట్ల కొత్త తప్పు పెట్టినట్టు. అసలు నంబర్లే ఒక్క రోజు ఆగితే దొరికాయి, కప్పు కోను కలిపి పెట్టెలో సెట్టుగా.

ఎడమ హబ్బును మార్చేశాం. కప్పు తిరిగిన హబ్బులో సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టి కప్పును బిగించే అలవాటు ఆటోనగర్‌లోనే కాదు, అన్ని ఊళ్ళలోనూ ఉంది. చుక్కల మొనలు నాలుగు రోజుల్లో అణిగిపోతాయి, కప్పు మళ్ళీ తిరుగుతుంది. ఊరిలో పొలానికి వెళ్ళొచ్చే ట్రాక్టరు ట్రక్కుకు చెల్లుతుందేమో గానీ, హైవే ఎక్కేదానికి చెల్లదు.

ఎడమ స్పిండిల్‌కు రెండు దారులు. వెల్డింగుతో నింపి మళ్ళీ లేత్ పట్టడం ఒకటి. స్పిండిల్ ఏ ఉక్కో తెలియకుండా దాని మెడ దగ్గర వెల్డింగు వేడి పెడితే, ఆ మెడలోనే పగులు మొదలవుతుంది, చక్రం ఊడేది అక్కడే. అందుకే రెండో దారి: 50 మిల్లీమీటర్ల ఈఎన్ 8 రకం ఉక్కు కడ్డీ నుంచి కొత్త స్పిండిల్ తిప్పించి, యాక్సిల్ గొట్టంలోంచి పాతది కోసి తీసి, కొత్తది గొట్టంలోకి 100 మిల్లీమీటర్లు దించి, నాలుగు ప్లగ్ వెల్డ్‌లు, చుట్టూ ఒక వరస. గొట్టం జింకు పూత ఉన్నది కాబట్టి వెల్డ్ చేసే చోట అటూ ఇటూ 50 మిల్లీమీటర్లు జింకు గ్రైండర్‌తో ముందే తీసేయాలి. తీయకపోతే వెల్డు బుడగలు పడుతుంది, ఆ తెల్లటి పొగ పీల్చినవాళ్ళకు రాత్రి జ్వరం వస్తుంది. పని అయ్యాక జింకు ఎక్కువున్న పెయింటు రెండు కోట్లు.

వెల్డు చల్లారాక స్పిండిల్ వంగిందేమో చూడటం ముఖ్యం. చక్రాలు బిగించి, టైర్ల మధ్య గీత దగ్గర ముందువైపు దూరం, వెనకవైపు దూరం కొలిస్తే 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు. మొదటిసారి 5 వచ్చింది. వెల్డుకు ఎదురు పక్కన వేడి పెట్టి సరిచేశాక 1.5.

కొత్త స్పిండిల్ తిప్పించేటప్పుడు ఒక చిన్న మార్పు చేయించాం. నట్టు మర 1 అంగుళం, అంగుళానికి 14 చుట్లు. అంటే ఒక పూర్తి చుట్టుకు 1.81 మిల్లీమీటర్లు. గాడుల నట్టుకు ఆరు గాడులు, స్పిండిల్‌కు అడ్డంగా ఒక పిన్ను రంధ్రం. ఒక గాడి వెనక్కి తిప్పితే కోను 0.30 మిల్లీమీటరు వదులవుతుంది. ఆట 0.03 నుంచి 0.12 మధ్య కావాలంటే ఈ గాడి చాలా పెద్దది. పిన్ను కోసం గాడి ముందుకు తిప్పితే బిగువు, వెనక్కి తిప్పితే ఆట. ఎడమ హబ్బుకు నట్టును బిగువుగా వదిలేయడానికి ఇదీ ఒక కారణమై ఉంటుంది. కొత్త స్పిండిల్‌కు మొదటి రంధ్రానికి లంబంగా రెండోది వేయించాం. అప్పుడు ప్రతి 30 డిగ్రీలకూ ఒక గాడి కుదురుతుంది, అడుగు 0.15కు తగ్గుతుంది. కుడి స్పిండిల్‌కు ఒకే రంధ్రం కాబట్టి అక్కడ వాషరును రాయి మీద రుద్ది మందం సరిచేయాల్సి వచ్చింది.

కుడి స్పిండిల్ మీద సీలు బాటకు 0.25 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టెయిన్‌లెస్ స్లీవు తొడిగాం. తొడిగే ముందు తుప్పు గుంటలను ఎపాక్సీ పుట్టీతో నింపి, ఆరకముందే స్లీవు ఎక్కించాలి, లేకపోతే నీళ్ళు స్లీవు కిందనుంచి వస్తాయి. కుడి బేరింగులు రెండూ, రెండు వైపులా సీళ్ళూ కొత్తవే. తుప్పు గీతలున్న కప్పును గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వాడటం అనే ఆలోచనే పెట్టుకోకూడదు. గీత అంచు నుంచే ఉక్కు పెచ్చులు లేస్తుంది.

బిగింపు

కప్పులను ఇత్తడి కడ్డీతో, అటొక దెబ్బ ఇటొక దెబ్బ వేస్తూ దించాలి. నేరుగా సుత్తితో కొడితే కప్పు అంచు పగిలి ముక్క కంట్లోకి ఎగురుతుంది. కప్పు అడుగుకు ఆనిందని దెబ్బ చప్పుడే చెబుతుంది, బోలు శబ్దం పోయి గట్టి శబ్దం వస్తుంది. ఆనాక 0.05 ఫీలర్ గేజ్ వెనక దూరకూడదు.

గ్రీజు: నీటిని తట్టుకునే కాల్షియం సల్ఫొనేట్ కాంప్లెక్స్ రకం, గట్టిదనంలో రెండో నంబరు. మామూలు ఏపీ 3 గ్రీజు చెడ్డదని కాదు, భూమి మీద తిరిగే ట్రక్కుకు చక్కగా పనిచేస్తుంది. కానీ నీటిలో మునిగే హబ్బులో అది త్వరగా పాలలా మారుతుంది. పాత గ్రీజు ఒక్క మచ్చ కూడా మిగలకుండా కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టాకే కొత్తది. వేర్వేరు సబ్బుల (గ్రీజును చిక్కబరిచే పదార్థం) గ్రీజులు కలిస్తే చాలాసార్లు రెండూ పలచబడతాయి, ఎడమ హబ్బులో కనిపించిన మజ్జిగ అదే. కడిగిన బేరింగును గాలి గొట్టంతో తిప్పకూడదు. గ్రీజు లేకుండా గిర్రున తిరిగితే రోలర్లకు గీతలు పడతాయి.

అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టి, కోను పెద్ద వైపు అంచును దాని మీద నొక్కుతూ, రెండో వైపు రోలర్ల మధ్య నుంచి గ్రీజు పైకి వచ్చేదాకా చుట్టూ తిప్పాలి. లోపలి బేరింగుకు 10 గ్రాములు, బయటిదానికి 7 గ్రాములు పడుతుంది. హబ్బు మధ్య ఖాళీ, మూత కలిపి మొత్తం 80 నుంచి 90 గ్రాములు. మామూలు కారు హబ్బులో మధ్య ఖాళీని సగం వదిలేస్తారు, అది సరే. నీటిలో మునిగే హబ్బులో సగం ఖాళీ అంటే ఇందాకటి టీ చెంచాను మనమే పిలిచినట్టు. అర కిలో డబ్బా ఐదు హబ్బులకు వస్తుంది.

సీలు రెండు లిప్పులది, 43.66, 65.15. లిప్పుల మధ్య కొంచెం గ్రీజు రాసి, చదునైన చెక్క పెట్టి సమంగా కొట్టాలి.

నట్టు: చక్రాన్ని చేత్తో తిప్పుతూ టార్క్ రెంచితో 68 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే రోలర్లు తమ చోట కూర్చుంటాయి. తర్వాత చక్రం తిప్పకుండా నట్టు పూర్తిగా వదులు చేసి, వేళ్ళతో మాత్రమే ఆనేదాకా బిగించి, దగ్గరి గాడికి వెనక్కి తెచ్చి 3.2 మిల్లీమీటర్ల కొత్త స్ప్లిట్ పిన్ను. డయల్ గేజ్ పెట్టి కొలిస్తే ఎడమ 0.08, కుడి 0.10. చివరికి నట్టు కదలకుండా ఉండేది పిన్ను వల్లే, బిగువు వల్ల కాదు. నట్టును ఒక చెక్క కడ్డీతో కదిపితే పిన్ను ఆట మేర కదలాలి.

రెండు వైపులా స్ప్రింగు మూతలు. గ్రీజు గన్‌తో నెమ్మదిగా, చక్రం తిప్పుతూ, పిస్టను 3 మిల్లీమీటర్లు బయటికి వచ్చేదాకా మాత్రమే. చేతి గన్ ఒత్తిడి వందల బార్ల దాకా వెళ్ళగలదు. ఇంకో నాలుగు దెబ్బలు కొడితే వెనక సీలు తిరగబడి గ్రీజంతా రిమ్ములోకి వస్తుంది, ఆ కారడం చూసి "గ్రీజు బాగా పట్టింది" అని సంతోషపడేవాళ్ళూ ఉన్నారు.

మూత బిగించి గ్రీజు నింపే ముందు ఒక పరీక్ష చేశాం: మూతకున్న గ్రీజు నిపిల్ తీసి, సైకిలు పంపుతో హబ్బులోకి 0.2 బార్ గాలి పెట్టి, వెనక సీలు చుట్టూ సబ్బు నీళ్ళు. కుడివైపు స్లీవు అంచు దగ్గర సన్నటి బుడగల వరస వచ్చింది. స్లీవు తీసి పుట్టీ మళ్ళీ పెట్టి తొడిగితే ఆగింది. 0.3 బార్ దాటితే మంచి సీలు లిప్పు కూడా లేస్తుంది, కాబట్టి గేజ్ లేకుండా ఈ పరీక్ష చేయొద్దు.

నడిపి చూస్తే

బరువుతో గన్నవరం దాకా వెళ్ళి రావడం, సుమారు 40 కిలోమీటర్లు. బయట 38 డిగ్రీలు. దిగగానే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మూత పక్కన ఎడమ 58, కుడి 55. అంకె ఎంతన్నదాని కన్నా రెండిటి మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. 15 డిగ్రీలు దాటితే ఎక్కువ వేడి ఉన్నది విప్పాల్సిందే. 100 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ ఆట కొలిస్తే ఎడమ 0.10, కుడి 0.11. కప్పులు పూర్తిగా కూర్చున్నాక 0.02 మిల్లీమీటరు దాకా పెరగడం మామూలే.

తర్వాత పున్నమి ఘాట్‌లో ఇరవై నిమిషాలు ముంచి, మర్నాడు మూతలు తీసి, రేకు మీద చిటికెడు గ్రీజు. చప్పుడు లేదు.

యజమానికి రాసిచ్చినవి కొన్నే. నీటిలో దించే ముందు కనీసం 40 నిమిషాలు ఆగాలి, చేతి వెనకభాగం హబ్బుకు ఆన్చితే గోరువెచ్చగా మాత్రమే ఉండాలి. ఆ లోపు లైట్ల ప్లగ్గు కూడా పీకేయాలి, వేడి బల్బు నీళ్ళు తగిలితే పగులుతుంది. సముద్రానికి వెళ్ళొస్తే అదే వారం మూతలు తీసి రేకు పరీక్ష, మంచినీటికి అయితే ఆరు నెలలకోసారి హబ్బు విప్పడం, వర్షాలకు ముందు ఒకటి తప్పనిసరి. బండి కడిగేవాళ్ళు ప్రెషర్ గన్ సీలు వెనక పెట్టకుండా చూడాలి. నిలిపి ఉంచినన్నాళ్ళూ వారానికోసారి చక్రం అర చుట్టు తిప్పాలి. బేరింగులు, సీలు పెట్టి గ్రీజుతో నింపిన ఒక స్పేర్ హబ్బు, పాలిథిన్ కవరులో చుట్టి, నట్టుకు సరిపోయే స్పానరు, రెండు స్ప్లిట్ పిన్నులతో కలిపి బండిలో ఉండాలి. రెండు వైపులా ఒకే నంబరు బేరింగులు ఉంచడం వల్ల ఒక్క స్పేర్ చాలు.

నిలవ నీటి సంగతి పడవలకే పరిమితం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్‌ను ముంచినప్పుడు రోజుల తరబడి నీళ్ళలో నిలిచిన ఏ ఆటో ట్రాలీ, ఏ ట్రాక్టరు ట్రక్కు హబ్బు విప్పినా ఇదే లెక్క వర్తిస్తుంది: బండి కదిలింది కదా అని వదిలేస్తే, రోలరు ఎడంతో సమానమైన ఆ నిలువు గీతలు కొన్ని నెలల తర్వాత హైవే మీద పలుకుతాయి.

మూడు నెలల తర్వాత, ఆగస్టు చివర, ట్రైలర్ మళ్ళీ వచ్చింది. మధ్యలో ఘాటులో తొమ్మిదిసార్లు దిగింది, సముద్రానికి వెళ్ళలేదు. ఎడమ గ్రీజు శుభ్రం. కుడి గ్రీజు రేకు మీద రెండుసార్లు చిట్లింది, అంతే. స్లీవు, సీలు బాగున్నాయి. తప్పు మూతదే: వరద నీటి ఒండ్రుకు పిస్టను మళ్ళీ సగం పట్టేసింది. మూత మార్చి, కుడి హబ్బు కడిగి, 85 గ్రాముల గ్రీజు కొత్తగా నింపి పంపాం. స్ప్రింగు మూత మీద రబ్బరు తొడుగు పెట్టడం ఈసారి కుడివైపు ఒక్కదానికే చేశాం. అక్టోబరులో విప్పినప్పుడు రెండు మూతలూ పక్కపక్కన పెట్టి చూడాలి.